మామిడి చెట్టు కొట్టకుండానే బొమ్మ నిలిచింది

ఉలవపాడు దగ్గర మా ఊళ్లో అమ్మ ఒక్కతే ఉంటుంది. నేను ఒంగోలులో హైస్కూలు పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను, సెలవు చిక్కితే ఊరికి పోయి వస్తుంటాను. అమ్మ టీవీ డీడీ ఫ్రీ డిష్ మీద నడుస్తుంది. డిష్, బాక్స్, వైరు ఒకసారి కొనుక్కుంటే చాలు, నెలనెలా కట్టేది ఏమీ ఉండదు. ఆమె చూసేది దూరదర్శన్ సప్తగిరి చానల్లో వార్తలు, వ్యవసాయం కార్యక్రమాలు. పొద్దున్నే అదే బాక్సులో ఆకాశవాణి పెట్టుకుని వంట చేసుకుంటుంది. ఫ్రీ డిష్‌లో హిందీ చానళ్లే ఎక్కువ కాబట్టి సీరియళ్లు, తెలుగు ప్రైవేటు చానళ్లు కావాలనుకునే ఇళ్లకు అది సరిపోదు. అమ్మకు మాత్రం అంతకు మించి అవసరం లేదు.

ఇబ్బందల్లా వానతోనే. మా వైపు వానలు బాగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. తుపానులూ అప్పుడే. సరిగ్గా వార్తలు కావలసిన రోజుల్లోనే బొమ్మ గళ్లు గళ్లుగా విరిగిపోయి, మాట ముక్కలై, చివరికి సిగ్నల్ లేదని తెర మీద రాత వచ్చేది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు లేకపోయినా ఇన్వర్టర్ మీద టీవీ వెలుగుతూనే ఉంది, అందులో బొమ్మే లేదు. ఫోను కూడా సరిగ్గా కలవలేదు. గాలి హోరులో అమ్మ ఏ కబురూ తెలియకుండా ఒక్కతే కూర్చుందన్న ఆలోచన నన్ను చాలా రోజులు వదల్లేదు. ఆ తర్వాత చిన్న జల్లు పడ్డా బొమ్మ పోవడం మొదలైంది.

పోయిన సంక్రాంతికి ముందు అమ్మ డిష్ మెకానిక్‌ను పిలిపించింది. మంచి కుర్రాడే, చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ అతనే తిరుగుతాడు. మిద్దె ఎక్కి చూసి, "అక్కా, ఆ మామిడి చెట్టు ఏపుగా పెరిగిపోయింది. డిష్‌కి ఎదురుగా ఉంది. పై కొమ్మలన్నా కొట్టించండి, లేకపోతే బొమ్మ నిలబడదు" అన్నాడు. పక్కింట్లో ఉండే మా చిన్నాన్న కూడా అదే మాట. "చెట్టు ముసలిదైంది, కాపు కూడా తగ్గింది. కొట్టేస్తే పోలా అమ్మాయ్" అన్నాడు.

అది బంగినపల్లి చెట్టు. ఉలవపాడు మామిడి అంటే ఎండాకాలంలో హైవే మీద కార్లు ఆపి మరీ కొనుక్కుంటారు. మా చెట్టు కాయలు అమ్మకానికి పోవు, ఏటా బంధువుల ఇళ్లకు, వీధిలో వాళ్లకు పోతాయి. కాపు తగ్గినా ఆ నీడే లేకపోతే మే నెలలో మా వంటింట్లో నిలబడలేం. అందుకని "పండగ సెలవులు ఉన్నాయి కదా, నేనే ఒకసారి లెక్క చూస్తాను, అప్పటిదాకా చెట్టు మీద చెయ్యి వెయ్యొద్దు" అని చెప్పాను.

లెక్క అన్నది ఊరికే అన్న మాట కాదు. ఫ్రీ డిష్ చానళ్లు వచ్చేది జీశాట్-15 ఉపగ్రహం నుంచి. శ్రీహరికోట మాకు దగ్గరే అయినా ఇది అక్కడి నుంచి పోలేదు. 2015 నవంబరులో ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి ఏరియన్-5 రాకెట్ మీద పోయింది. భూమధ్యరేఖకు సుమారు 35,786 కిలోమీటర్ల ఎత్తున, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద నిలిచి ఉంటుంది. మా ఊరు దాదాపు 80 డిగ్రీల రేఖాంశం మీద, 15 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది. ఈ అంకెలు చాలు, ఉపగ్రహం మా మిద్దె మీద నుంచి ఎటు కనిపించాలో తేల్చడానికి. లెక్క కడితే దిక్కు దక్షిణం నుంచి తూర్పుకు 43 డిగ్రీలు వచ్చింది. అంటే దాదాపు సరిగ్గా ఆగ్నేయం. ఎత్తు 66 డిగ్రీలు. నెల్లూరు, కావలి, ఒంగోలు, మార్కాపురం ఎక్కడ కట్టినా ఈ అంకెల్లో తేడా ఒకటి రెండు డిగ్రీలే.

ఆ 66 డిగ్రీలే ఇక్కడ అసలు విషయం. నేల మట్టం సున్నా, నడినెత్తి తొంభై అనుకుంటే 66 అంటే తల బాగా వెనక్కి వంచి చూడాల్సిన ఎత్తు. కానీ డిష్‌ను చూస్తే అలా అనిపించదు. ఎదురుగా ఉన్న చెట్టు నడిమికి చూస్తున్నట్టు ఉంటుంది. ఇళ్ల మీద ఉండేవన్నీ ఆఫ్‌సెట్ డిష్‌లు. సిగ్నల్ అందుకునే చిన్న డబ్బా, అంటే ఎల్‌ఎన్‌బీ, డిష్‌కి సరిగ్గా మధ్యలో కాకుండా కింది అంచు వైపు నుంచి చాచిన కడ్డీ చివర ఉంటుంది. అలాంటి డిష్ పళ్లెం ఎటు చూస్తున్నట్టు కనిపిస్తుందో, దానికి ఇరవై పైచిలుకు డిగ్రీల పై నుంచి వచ్చే సిగ్నల్‌ను అది పట్టుకుంటుంది. మెకానిక్ కుర్రాడి కంటికి చెట్టు ఎదురుగా కనిపించింది కాబట్టి అలా అన్నాడు, ఎవరు చూసినా అలాగే అనుకుంటారు. ఆకాశంలో అసలు దారి ఆ చెట్టు తలకన్నా చాలా ఎత్తుగా పోతోంది.

దీన్ని నోటితో చెబితే చిన్నాన్న ఒప్పుకోడు. అందుకని కొలిచాను. ముందు దిక్కు. ఫోన్లో దిక్సూచి ఉంటుంది కానీ మిద్దె స్లాబులో ఇనుప కడ్డీలు, పక్కనే ఇనుప పైపు. దాన్ని నమ్మడానికి లేదు. సంక్రాంతి రోజుల్లో మా ఊళ్లో సూర్యుడు సరిగ్గా దక్షిణానికి వచ్చేది పగలు 12 గంటల 20 నిమిషాల ప్రాంతంలో. దారానికి బరువు కట్టి వేలాడదీసి, ఆ సమయానికి దారం నీడ పడ్డచోట స్లాబు మీద సుద్దముక్కతో గీత గీశాను. అది ఉత్తర దక్షిణాల గీత. దాని మీద కోణమానిని పెట్టి 43 డిగ్రీలకు ఇంకో గీత. తర్వాత అదే కోణమానినికి దారం, చిన్న బరువు కట్టి, దాని అంచు వెంబడి చెట్టు కొసను చూశాను. మా పిల్లలతో టవర్ల ఎత్తు కొలిపించేది ఈ పద్ధతిలోనే. చెట్టు చిటారు కొమ్మ కూడా యాభై డిగ్రీలు దాటలేదు. అరవై ఆరుకు అది ఇంకా చాలా కింద.

ఇంకోలా చెబితే, 66 డిగ్రీల దారికి అడ్డం రావాలంటే చెట్టు డిష్ నుంచి ఎంత దూరంలో ఉందో దానికి రెండుంబావు రెట్లు డిష్ కన్నా ఎత్తు ఉండాలి. మూడు మీటర్ల దూరంలో ఉన్న చెట్టయితే డిష్ మట్టం కన్నా ఆరున్నర మీటర్లకు పైగా లేవాలి. ఒకవేళ అంత ఎత్తు ఉన్నా డిష్‌ను మిద్దె మీద నాలుగు అడుగులు వెనక్కి జరిపితే సరిపోతుంది. పాతికేళ్ల చెట్టును కొట్టే ముందు మనం చెయ్యాల్సిన పని ఇది. మా వైపు ఊళ్లలో డిష్ కోసం కొట్టించిన వేపలు, కొబ్బరి చెట్లు ఎన్ని ఉంటాయో తలుచుకుంటే నాకు బాధగా ఉంటుంది.

ఇంకొక మాట. పక్కింటి డిష్ ఎటు ఉందో చూసి మనదీ అటే తిప్పుతుంటారు. ఒక్కో కంపెనీది ఒక్కో ఉపగ్రహం. టాటా ప్లే 83 డిగ్రీల దగ్గరిది, మాకు అది దాదాపు దక్షిణానికే ఉంటుంది. ఎయిర్‌టెల్ 108 డిగ్రీల దగ్గరిది, అది తూర్పుకు బాగా జరిగి ఉంటుంది. ఫ్రీ డిష్ ఈ రెంటి మధ్యలో.

చెట్టు కారణం కాకపోతే మరి బొమ్మ ఎందుకు పోతోంది? పాత యాంటెన్నా రోజుల్లో అయితే సిగ్నల్ తగ్గేకొద్దీ తెర మీద చుక్కలు పెరిగేవి, లోపం ఎంతో కంటికే తెలిసేది. ఆ యాంటెన్నాలకు సిగ్నల్ పంపే ట్రాన్స్‌మిటర్లను దూరదర్శన్ 2022 నాటికి దశలవారీగా దాదాపు అన్నీ మూసేసింది. డిజిటల్ సిగ్నల్‌లో అలా ఉండదు. సరిపడా ఉన్నంతసేపు బొమ్మ అద్దంలా ఉంటుంది, ఆ మట్టం కిందికి జారిన క్షణం మొత్తం పోతుంది. అంచున వేలాడుతున్న సిగ్నల్ కూడా ఎండరోజున చక్కగానే కనిపిస్తుంది. ఈ తరంగం పొడవు రెండున్నర, మూడు సెంటీమీటర్లే. వాన చినుకులు దాన్ని పీల్చుకుంటాయి, చెదరగొడతాయి. అంచున ఉన్నదాన్ని కింద పడేయడానికి ఆ కాస్త చాలు. కాబట్టి వానను ఆపలేం గానీ, మంచి రోజున వీలైనంత ఎక్కువ సిగ్నల్ నిల్వ ఉండేలా చూసుకోవచ్చు.

బాక్స్ మెనూలో రెండు గీతలు కనిపిస్తాయి. స్ట్రెంగ్త్ ఒకటి, క్వాలిటీ ఒకటి. చూడాల్సింది క్వాలిటీ. ఉత్త రొదకు కూడా, పక్క ఉపగ్రహానికి కూడా స్ట్రెంగ్త్ గీత నిండుగా లేస్తుంది. మా బాక్సులో క్వాలిటీ నలభై దగ్గర ఊగుతోంది. ఈ అంకెలు బాక్సును బట్టి మారతాయి కాబట్టి ఒక ఇంటి అంకెను ఇంకో ఇంటితో పోల్చకూడదు.

మొదట దొరికింది పైపు వాలు. డిష్ పైపును పిట్టగోడకు బోల్టులతో బిగించారు. ఏళ్ల తరబడి గాలికి ఊగి సిమెంటు వదులైంది. రసమట్టం ఆనించి చూస్తే మీటరు పైపుకు అంగుళం వాలింది. అంగుళమే కదా అనిపిస్తుంది, అది డిగ్రీన్నర. అరవై సెంటీమీటర్ల డిష్ చూపు వెడల్పు సుమారు మూడు డిగ్రీలు. మధ్య నుంచి డిగ్రీన్నర తప్పితే అందే శక్తి సగం అయిపోతుంది. పైగా బ్రాకెట్ మీద ముద్రించిన ఎత్తు అంకెలకు పైపు నిటారుగా ఉంటేనే అర్థం. పాత రంధ్రాలు వదిలేసి, పక్కనే గట్టి గోడలో కొత్తగా డ్రిల్లింగ్ చేయించి, రెండు వైపుల నుంచీ మట్టం చూస్తూ పైపును నిలబెట్టాం. ఈ పని మెకానిక్ కుర్రాడే చేశాడు, బాగా చేశాడు.

రెండోది వైరు. నా లెక్కలో అసలు దొంగ ఇదే. డిష్ నుంచి టీవీ గదికి వచ్చే కేబుల్‌ను ఎప్పుడో మధ్యలో కోసి, తీగలు మెలిపెట్టి, నల్ల టేపు చుట్టి వదిలేశారు. టేపు విప్పితే లోపల రాగి తీగ పచ్చగా చిలుము పట్టి ఉంది. సముద్రం దగ్గర ఊళ్లలో ఉప్పుగాలికి ఇది మరీ త్వరగా జరుగుతుంది. ఎల్‌ఎన్‌బీ దగ్గరి పిన్ను కూడా తుప్పు పట్టి, చేత్తో పట్టుకుంటే పొడి రాలింది. ఆ ఒక్క కేబులే పైకి కరెంటు తీసుకుపోతుంది, కిందికి సిగ్నల్ తెస్తుంది. బాక్స్ దాని మీదుగా ఎల్‌ఎన్‌బీకి 13 లేదా 18 వోల్టులు పంపుతుంది. అతుకులో నీళ్లు చేరితే రెండూ దెబ్బ తింటాయి. వాన వెలిసినా గంటల తరబడి బొమ్మ రాకపోవడానికి కారణం అక్కడ ఉంది. ఆకాశంలో వాన ఆగినా అతుకులో తడి ఆరలేదు.

కందుకూరు నుంచి డిష్‌లకు వాడే ఆర్‌జీ-6 రకం కేబుల్ తెప్పించి, డిష్ నుంచి బాక్స్ దాకా మధ్యలో అతుకు లేకుండా ఒకే ముక్క వేశాం. కొత్త పిన్నులు బిగించేటప్పుడు బాక్స్ స్విచ్చి కట్టేసి ఉంచాం, లేకపోతే తీగలు తగిలి బాక్సు పాడవుతుంది. పిన్ను లోపల జల్లెడ తీగల్లో ఒక్కటి కూడా మధ్య తీగకు తగలకూడదు. బయటి పిన్ను మీద రబ్బరు తొడుగు వేసి, దానిపైన సాగే రబ్బరు టేపు చుట్టాం. కేబుల్ గోడలోకి దూరే ముందు కొంచెం కిందికి వేలాడేలా వంపు వదిలాం, నీటి చుక్కలు ఆ వంపు దగ్గరే కారిపోవాలని.

చివరగా గురి. ఇది ఓపిక పని. అమ్మ కింద టీవీ ముందు కూర్చుని ఫోన్లో క్వాలిటీ అంకె చదువుతుంటే నేను మిద్దె మీద డిష్ కదిపాను. సుద్ద గీత వైపు తిప్పి, బ్రాకెట్ మీద ఎత్తు 66 దగ్గర పెట్టి, అక్కడి నుంచి వెంట్రుకవాసి చొప్పున పక్కలకు. కదిపిన ప్రతిసారీ ఆగాలి. డిజిటల్ బాక్స్ సిగ్నల్ పట్టుకోవడానికి కొన్ని క్షణాలు తీసుకుంటుంది. ఆగకుండా తిప్పుతూ పోతే సరైన చోటును దాటి వెళ్లిపోతాం.

"యాభై... యాభై అయిదు... అట్టనే ఉండు... తగ్గిందమ్మా, ఎనక్కి తిప్పు" అని అమ్మ చెబుతుంటే ఆమె గొంతులో ఉత్సాహం వినిపించింది. పక్కలకు ఎక్కువ వచ్చిన చోట బిగించి, తర్వాత పైకీ కిందికీ చూశాం. ఆఖరున ఎల్‌ఎన్‌బీని దాని పట్టీలోనే నెమ్మదిగా తిప్పాం. ఈ మూడో పని చాలామంది వదిలేస్తారు. ఉపగ్రహం మనకు నేరుగా దక్షిణాన కాకుండా పక్కకు ఉంది కాబట్టి అక్కడి నుంచి వచ్చే తరంగం మన దగ్గరికి ఒరిగి చేరుతుంది, ఎల్‌ఎన్‌బీ కూడా అంతే ఒరిగి ఉండాలి. దాన్ని తిప్పాకే అంకె డెబ్బై దాటింది. నట్లు పానాతో బిగిస్తూ ఇంకోసారి అడిగాను, ఎందుకంటే బిగించేటప్పుడు డిష్ కాస్త జరుగుతుంది. నిలిచింది. పైపు మీద, బ్రాకెట్ మీద మార్కర్‌తో గీతలు పెట్టాను, రేపు గాలికి కదిలితే కనబడాలని.

చిన్నాన్న అంతా చూసి "వచ్చిందిలే గానీ, ఆకులు చిగిర్చి చెట్టు దట్టమైతే అప్పుడు చూడు" అన్నాడు. దానికి జవాబు మార్చిలో దొరికింది.

మార్చి నడిమిలో ఒకరోజు స్కూల్లో ఉండగా ఇంటర్వెల్‌కి అమ్మ ఫోన్. "ఏందమ్మా, ఎండ పెళపెళా కాస్తుంటే బొమ్మ పోయింది?" గడియారం చూస్తే పదకొండుంబావు. నాకు సంతోషం ఆగలేదు. ఏటా మార్చి మధ్యలో కొన్ని రోజులు, మళ్లీ సెప్టెంబరు ఆఖరు ప్రాంతంలో కొన్ని రోజులు, మా వైపు నుంచి చూస్తే సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనకాలకు వస్తాడు. సూర్యుడి రొదలో ఉపగ్రహం మాట వినపడదు, కొద్ది నిమిషాలు బొమ్మ పోయి దానంతటదే వస్తుంది. లోపమేమీ కాదు. కానీ ఆ నిమిషాల్లో సూర్యుడు ఉన్నచోటే ఉపగ్రహం ఉన్నట్టు. అప్పుడు డిష్ మీద దేని నీడ పడితే అదే అడ్డం.

"చిన్నాన్నను మిద్దె ఎక్కమని చెప్పు. డిష్ మీద చెట్టు నీడ ఉందేమో చూడమను" అన్నాను. ఆయన ఎక్కి చూశాడు. అమ్మ ఫోను తీసుకుని తనే మాట్లాడాడు: "నీడ యాడుంది అమ్మాయ్, పళ్లెం నిండా ఎండే. చెట్టు నీడ పిట్టగోడకు అవతలే ఆగిపోయింది." తర్వాత ఆయన చెట్టు మాట ఎత్తలేదు. ఎవరింట్లోనైనా చెట్టు మీద అనుమానం ఉంటే మార్చి మధ్యలో పదకొండుంబావుకు, సెప్టెంబరు ఆఖరున పదకొండు ప్రాంతంలో మిద్దె ఎక్కి చూడండి. దీనికి యాప్ అక్కర్లేదు, లెక్కా అక్కర్లేదు.

అసలు పరీక్ష అక్టోబరు తర్వాతే కదా. ఈసారి వానలు మామూలుగానే పడ్డాయి. జల్లులకు, ముసురుకు బొమ్మ కదల్లేదు. కుండపోతగా కురిసినప్పుడు మాత్రం పోయింది, ఆ ఉధృతి తగ్గగానే తిరిగి వచ్చింది. ఈ తరంగాలతో అంతకు మించి ఆశించకూడదు. ఇంకాస్త పెద్ద డిష్ పెడితే ఆ కాసేపు కూడా తగ్గుతుంది కానీ దానికి గాలి దెబ్బ ఎక్కువ తగులుతుంది. తుపాను దారిలో ఉన్న ఊరికి అది మంచిది కాదనే నా అభిప్రాయం. వాయుగుండం కబుర్లు వచ్చిన రాత్రుళ్లు అమ్మ సప్తగిరి చూసి, నాకే ఫోన్ చేసి ఒంగోలులో జాగ్రత్త అని చెప్పింది.

ఇప్పుడు చిన్నాన్న తన డిష్ వైరు కూడా మార్పించమంటున్నాడు. ఆయనది ఇంకా అన్యాయం, మూడు చోట్ల అతుకులు, పైపు కొబ్బరి మొద్దుకు కట్టి ఉంది. చెట్టు ఊగితే డిష్ ఊగుతుంది. పైపును గోడకు మార్చాలి. కేబుల్ కొలతలు తీసుకున్నాను, మెకానిక్ కుర్రాడికి చెప్పాను. వచ్చే ఆదివారం వస్తానన్నాడు, రసమట్టం కూడా సొంతంగా కొనుక్కున్నాడట.